పదహారు గ్రాముల మేకు

వరహాలమ్మకి అరవై ఒకటి. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధిలో ముప్పై ఆరేళ్ళుగా టెంట్ హౌస్ నడుపుతోంది. షామియానాలు, కుర్చీలు, వంట డేగిశాలు, రెండు జనరేటర్లు, ఒక సింహాసనం సోఫా. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరింట్లో మనిషి పోయినా ముందు ఆమెకే ఫోన్ వస్తుంది. ఆమె వేసిన టెంట్ గాలికి లేచిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ మాట ఆమె రోజుకి రెండుసార్లయినా చెప్పుకుంటుంది.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున్న పది గంటలకి ఒక కుర్రాడు ఫోన్లో మ్యాప్ చూసుకుంటూ వచ్చి షాపు ముందు ఆగాడు. పేరు రోహిత్. ఇరవై ఏడేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికని తణుకు నుంచి వచ్చి గాజువాకలో స్థిరపడ్డాడు. రోహిత్ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో పనిచేస్తాడు.

"ఏటి బాబూ, ఫంక్షనేటి?" అంది వరహాలమ్మ.

"ఫంక్షన్ కాదండి. టెంట్‌కి మేకులు కావాలి."

"ఒట్టి మేకులు ఇవ్వం. టెంట్‌తోనే వత్తాయి. ఎంతమందికి?"

"ఇద్దరికండి."

వరహాలమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఇద్దరికి టెంటేటి? గుళ్ళో పెళ్ళా?"

"పెళ్ళి కాదండి. పడుకోడానికి."

లోపల కుర్చీలు తుడుస్తున్న పనివాళ్ళిద్దరూ తుడవడం ఆపేశారు. ఎదురింటి గుమ్మంలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నావిడ తలెత్తి చూసింది.

"నాయినా, ఇది మర్యాదగల షాపు," అంది వరహాలమ్మ మెల్లగా.

రోహిత్ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా ఫోన్ తీసి ఫోటో చూపించాడు. కొండమీద నారింజరంగు గుడ్డ గూడొకటి, దాని ముందు తనూ, తన స్నేహితుడు సందీప్. "కొండలెక్కుతామండి. రాత్రి అక్కడే ఉంటాం. ఇది మా టెంట్."

వరహాలమ్మ ఫోన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూసింది. "కోళ్ళ గంపనాగుంది. ఎత్తెంత?"

"మూడున్నర అడుగులు."

"మరి మేకు ఎంత బరువుండాల?"

"ఎంత తక్కువుంటే అంత మంచిదండి. కానీ వంగకూడదు, విరక్కూడదు."

వరహాలమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ముప్పై ఆరేళ్ళలో మేకు ఎంత గట్టిదని అడిగినవాళ్ళున్నారు. ఎంత తేలికని అడిగినవాడు ఇతనే. "కూకో బాబూ," అంది. "టీ తాగుతావా?"

రోహిత్ బాధ టీ తాగుతుండగా బయటపడింది. వీపున మోసే బరువు తగ్గించడం అతనికి పిచ్చిలా పట్టుకుంది. బ్రష్షు పిడి సగానికి కోసేశాడు. చొక్కాల మెడదగ్గర లేబుళ్ళు పీకేశాడు. సబ్బుని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్కే తీసుకెళ్తాడు. అంత చేసి క్రితం నెల లంబసింగి వెళితే, టెంట్‌తో వచ్చిన తీగ మేకులు వంగిపోయి, టెంట్ ఎగిరి స్ట్రాబెర్రీ తోటలో పడింది. తోట కాసే ఆవిడ కర్ర పట్టుకుని వెంటపడింది. సందీప్ ఆ కథ ఆఫీసులో అందరికీ చెప్పాడు, ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"ఉన్నవేటో సూపించు," అంది వరహాలమ్మ.

అతను సంచిలోంచి మూడు రకాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి ఆ వంగిన తీగ. ఒకటి పచ్చటి ప్లాస్టిక్‌ది. మూడోది సన్నటి సూదిలాంటిది, దాన్ని రెండు చేతులతో పెట్టాడు. "టైటానియం అండి. ఆరు గ్రాములే."

వరహాలమ్మ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి కొప్పులో గుచ్చుకుంది. "దీనికిదే సరైన సోటు," అంది. తర్వాత లోపలికి కేకేసి తన మేకు ఒకటి తెప్పించింది. బొటనవేలంత లావు ఇనప చువ్వ, అడుగున్నర పొడవు. రోహిత్ జేబులోంచి చిన్న త్రాసు తీసి తూచాడు. ఒక కిలో నాలుగు వందల గ్రాములు.

"ఇవి ఎనిమిది పట్టుకెళ్తే నా మొత్తం సామాను కంటే ఎక్కువవుతాయండి," అన్నాడు నీరసంగా.

"పద," అని లేచింది ఆమె. "మాటలెందుకు, కొట్టి సూద్దాం."

పట్టాల అవతల ఖాళీ స్థలం ఉంది. ఒక మూల గ్రావెల్ గట్టిగా పేరుకుపోయి ఉంది, ఒక మూల ఎవరో ఇల్లు కట్టడానికి పోసుకున్న ఇసక, కుళాయి దగ్గర ఎప్పుడూ తడి బురద. వరహాలమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని చిన్న సమ్మెట పట్టుకుంది. ప్లాస్టిక్ మేకు గ్రావెల్‌లో రెండో దెబ్బకే తల పగిలింది. తీగ మేకు ఇంకోసారి వంగింది. టైటానియం సూది మాత్రం గట్టినేలలో చక్కగా దిగింది. రోహిత్ ముఖం వెలిగింది. అప్పుడామె దాన్ని పీకి ఇసకలో దింపి, తాడు కట్టి చిటికెన వేలితో లాగింది. గట్టి పెరుగులోంచి పుల్ల వచ్చినట్టు వచ్చేసింది.

"సూసినావా? సన్నగుంటే మట్టిని కోసుకుని వచ్చేత్తాది. మట్టి పట్టుకోడానికి వెడల్పు గావాల. వెడల్పంటే బరువు. అదీ నీ కష్టం." ఆమె వంగి సమ్మెట కొసతో నేలమీద ఏటవాలుగా ఒక గీత గీసింది. "ఇంకోటి. నువ్వు మేకు నిటారుగా కొడతన్నావు. టెంట్ వైపు కాదు, అవతలికి వాలాల. తాడు లాగినకొద్దీ లోపలికి దిగాల. నీకెవరూ సెప్పనేదా?"

"వీడియోలో చెప్పాడండి. నేను బరువు గురించిన వీడియోలే ఎక్కువ చూశాను."

ఆమె ఆ సూదిని ఇసకలో ఇంకో నాలుగు చోట్ల గుచ్చి లాగి చూసింది. ఒక గూడ్సు బండి మొత్తం వెళ్ళిపోయింది. అప్పుడు హఠాత్తుగా నడుం ఎత్తి, "గాజువాక ఎల్దాం. మా తమ్ముడి కాడికి," అంది.

"ఇప్పుడా అండి?"

"మరెప్పుడు? బేగి రా, బస్సెల్లిపోద్ది."

ఆమె తమ్ముడు గురునాథరావుకి గాజువాకలో అల్యూమినియం కిటికీలు, తలుపులు చేసే షాపుంది. కొత్త అపార్టుమెంట్లకి కిటికీలు పెట్టి పెట్టి మనిషికి కొంచెం గీర వచ్చింది. అక్క ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, ఏడంగుళాల ముక్కలు కోసిమ్మంటే ముందు నవ్వాడు, తర్వాత నొచ్చుకున్నాడు.

"అక్కా, నాను ఆరంతస్తుల బిల్డింగుకి కిటికీలు సేత్తన్నాను. ఈ పుల్లలేటి?"

"నీ కిటికీలకి మూలల్లో ఎల్ లాగుంటాదే, అదేటి?"

"యాంగిల్."

"అందులో సిన్నది తియ్యి."

అర అంగుళం యాంగిల్ తీశాడు. మడత ఉండటంతో కాగితమంత తేలిగ్గా ఉన్నా చేత్తో వంచితే వంగలేదు. రోహిత్ దాన్ని వంచడానికి మోకాలు కూడా ఉపయోగించాడు. ఏడంగుళాలకి కోసి, ఒక కొసని ఏటవాలుగా చెక్కి, పైన తాడుకోసం ఒక చిల్లు పెట్టాడు గురునాథరావు. పనిలో దిగాక అతనిక్కూడా సరదా పుట్టింది. చేతికి గీసుకోకుండా అంచులు ఆకురాయితో రాశాడు. రోహిత్ త్రాసు తీశాడు. పదహారు గ్రాములు.

"పదహారు!" అన్నాడు, పుట్టిన బిడ్డ బరువు చెప్పినట్టు. షాపు వెనక మట్టిలో కొట్టి చూశారు. రోహిత్ రెండు చేతులతో లాగాడు. గురునాథరావు వచ్చి లాగాడు. మేకు కదల్లేదు, తాడు తెగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. రోహిత్ ఆ ముక్కని వెలుగులో పెట్టి చూస్తూ, "పొడవునా ఇంకో అయిదు చిల్లులు పెడితే రెండు గ్రాములు తగ్గుతుంది కదండీ?" అన్నాడు.

"ఏటీ, సిల్లుల గరిట సేత్తామా?" అన్నాడు గురునాథరావు. "సిల్లు పెట్టిన సోటే విరుగుద్ది బాబూ."

"ఒకటే సిల్లు," అని వరహాలమ్మ తీర్పు చెప్పేసింది. రోహిత్ తల ఊపాడు. పదహారు మేకులు చేయించుకున్నాడు. తన టెంట్‌కి ఎనిమిది, తోటి ఉద్యోగి ధనశ్రీ టెంట్‌కి ఎనిమిది. గురునాథరావు ఇంకో గుప్పెడు ఊరికే ఇచ్చాడు.

"ఎప్పుడెల్తన్నారు?" అంది వరహాలమ్మ, బస్సు కోసం నిలబడి.

"వచ్చే శనివారమండి. కిరండూల్ ప్యాసింజర్ రైలెక్కి శిమిలిగుడ స్టేషన్లో దిగి కొండెక్కుతాం."

"నాను వత్తాను."

రోహిత్ ఆమె తమాషాకి అంటోందనుకున్నాడు.

"నా సేత్తో ఎంచిన మేకు అది. లేత్తే నా పేరు పోద్ది. వచ్చి దగ్గరుండి ఏయిత్తాను," అంది ఆమె. బస్సెక్కుతూ మళ్ళీ అంది. "శనివారం ముహూర్తాల్లేవు గూడా."

శనివారం పొద్దున్న ఆరుంబావుకి విశాఖపట్నం స్టేషన్లో రోహిత్, సందీప్, ధనశ్రీ ఎదురుచూస్తున్నారు. వరహాలమ్మ దూరంగా కనిపించింది. చీర, కాళ్ళకి కాన్వాసు బూట్లు, భుజాన సంచి. నెత్తిమీద బోర్లించిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ వీపుమీద తెల్ల పెయింటుతో 'వ.టె.హౌ.' అని రాసి ఉంది, పెళ్ళిళ్ళలో పోకుండా.

రోహిత్ రెండడుగులు ముందుకేశాడు. "ఆంటీ, కుర్చీ..." అన్నాడు.

"నేలమీద కూకుంటే లేవనేను బాబూ. మోకాళ్ళు."

"ఎంత బరువండి?" అని త్రాసుకోసం జేబులో చెయ్యి పెట్టాడు. ధనశ్రీ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ధనశ్రీకి వరహాలమ్మ చూడగానే నచ్చేసింది.

సంచిలో సమ్మెట, కొబ్బరి తాడు చుట్ట, మూడు గిన్నెల క్యారేజీ ఉన్నాయని రైల్లో తెలిసింది. క్యారేజీలో పులిహోర, చేపల వేపుడు, ఇంకో గిన్నెలో మళ్ళీ పులిహోర. రోహిత్ తెచ్చుకున్నది వేడినీళ్ళు పోస్తే ఉబ్బే పొడి. అనంతగిరి సొరంగాలు దాటేసరికి సందీప్ మూడుసార్లు పులిహోర తిన్నాడు. బరువు తగ్గించడమే తన ఉద్దేశమన్నాడు.

కొండెక్కేటప్పుడు రోహిత్ సిగ్గుతో ముందు నడిచాడు, ఎవరైనా చూస్తే ఆ కుర్చీకి తనకి సంబంధం లేనట్టు. కాఫీ తోటలు దాటి, ఏటవాలు మొదలయ్యాక అతనికే ఆయాసం వచ్చింది. వెనక్కి చూస్తే వరహాలమ్మ ఒకే తీరుగా, తొందర లేకుండా, ఆగకుండా వస్తోంది. కుర్చీ ఎండకి గొడుగులా పనిచేస్తోంది. ఒక మలుపులో కుర్చీ దింపి, "కూకో బాబూ, రెండు నిమిషాలు," అంది. రోహిత్ చుట్టూ చూసి కూర్చున్నాడు. తర్వాత సందీప్ కూర్చున్నాడు. సందీప్‌ని లేపడానికి కొంచెం సేపు పట్టింది.

మూడింటికి పైకి చేరారు. గడ్డి బయలు, చుట్టూ లోయ. అప్పటికే అక్కడ సిటీ నుంచి వచ్చిన ఇంకో బృందం ఉంది. తొమ్మిది టెంట్లు ఎలా పడితే అలా వేసుకున్నారు. వాళ్ళని తీసుకొచ్చిన శ్రీనివాసరావు అనే నలభై ఏళ్ళాయన ఈల మెడలో వేసుకుని తిరుగుతున్నాడు.

వరహాలమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఆ తొమ్మిది టెంట్లనీ ఒక్కొక్కటే చూసింది. ముఖం ముడుచుకుంది. ముందు ధనశ్రీ టెంట్ వేయించింది. ప్రతి మేకునీ వాలుగా, గడ్డి వేళ్ళలోకి దిగేలా కొట్టించి, తాడు వేలితో మీటి చూసింది. "నీది నువ్వేసుకో, నేర్సుకున్నావు గదా," అని రోహిత్‌తో చెప్పి, ఇక తట్టుకోలేక శ్రీనివాసరావు దగ్గరికి నడిచింది.

"బాబూ, ఈ టెంట్లు ఎవరేసినారు?"

"మేమేనండి. ఎందుకు?"

"గుమ్మాలన్నీ గాలివైపెట్టినారు. గాలి లోపల దూరితే బుడగే గదా. నాలుగు దాటాక లోయలోంచి గాలి లేత్తాది. ఆ గడ్డి సూడు, ఎటు పడుకుందో."

శ్రీనివాసరావు గడ్డివైపు చూశాడు. అతనికి ఆ రోజు వరకు గడ్డి ఎటో పడుకుంటుందని తెలీదు. ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత గంటసేపు కొండమీద ఆమె కేకలే వినిపించాయి. కొత్తవాళ్ళు ఇరవైమంది, డాక్టర్లు, బ్యాంకువాళ్ళు, ఇద్దరు లెక్చరర్లు, ఆమె చెప్పిన చోట టెంట్లు మోసుకెళ్ళి పెట్టారు. మేకులు చాలకపోతే ఎండుకొమ్మలు కోయించి చెక్కించింది. గురునాథరావు ఇచ్చిన గుప్పెడు మేకులు మూలలకి పంచింది. అలవాటు ఎక్కడికి పోతుంది? అంతా అయ్యేసరికి టెంట్లు రెండు వరసల్లో ఎదురెదురుగా, మధ్యలో పన్నెండడుగుల దారితో నిలిచాయి. పొయ్యి ఒక పక్క, చేతులు కడుక్కునే నీళ్ళు ఇంకో పక్క. ఒక చివర సింహాసనం పెట్టే చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. "ఇంక పెళ్ళికొడుకు రావాలంతే," అంది ధనశ్రీ.

నాలుగున్నరకి లోయ కింద చెట్లు ఒక్కసారిగా వెనక్కి వంగాయి. తర్వాత గాలి బయలుమీదికి వచ్చింది. తాళ్ళు బిగుసుకుని మూలిగాయి. గుడ్డలు కొట్టుకున్నాయి. ధనశ్రీ టెంట్ ఊగింది, నిలిచింది. శ్రీనివాసరావు వాళ్ళవి తొమ్మిదీ నిలిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ కుర్చీలో కూర్చుని, పెళ్ళికూతురు తల్లిలా చిన్నగా తల ఊపింది.

అప్పుడు టప్, టప్ మని రెండు చప్పుళ్ళు వినిపించాయి. వరస చివరనున్న నారింజరంగు టెంట్ ఒక పక్కకి లేచి, ఆగి, మూడో చప్పుడుతో మొత్తంగా పైకి లేచింది. అందరి తలలమీదుగా, రెండు వరసల మధ్య దారిలోనే, తీరిగ్గా సాగిపోయి, అవతల ఉన్న సిల్వర్ ఓక్ చెట్టు కొమ్మకి తగులుకుంది. కొమ్మకింద నిద్రపోతున్న సందీప్ ఉలిక్కిపడి లేచి, పైకి చూసి, "మళ్ళీనా?" అన్నాడు.

అది రోహిత్ టెంట్.

వరహాలమ్మ లేచింది. కుర్చీ వెనక్కి పడింది. వెళ్ళి నేలమీదకి వంగి మట్టిలో మిగిలిన మేకు ముక్క పీకింది. మేకు ఊడలేదు. సగానికి విరిగింది. విరిగిన అంచులో అర్ధచంద్రుడిలా సగం చిల్లు కనిపించింది. రెండో ముక్కకీ అంతే.

ఆమె తలెత్తకుండా అడిగింది. "ఎన్ని సిల్లులెట్టినావు?"

"మేకుకి అయిదండి," అన్నాడు రోహిత్. "మా ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్ ఉంది."

"ఎంత తగ్గింది?"

"ఒక్కోదానికి రెండు గ్రాములు. మొత్తం పదహారు." అతను త్రాసున్న జేబుని చేత్తో కప్పుకున్నాడు. "ఒక మేకంత."

చుట్టూ ఇరవైమంది నిలబడి ఉన్నారు. రోహిత్‌కి లోయలోకి దూకాలనిపించింది. బరువు, బరువు అంటూ ఏడాదిగా చేసినదంతా కళ్ళముందు తిరిగింది. ఈ పెద్దావిడ పేరుకోసం నెత్తిమీద కుర్చీ పెట్టుకుని కొండెక్కి వచ్చింది. ఆ పేరే ఇప్పుడు చెట్టుకి వేలాడుతోంది.

వరహాలమ్మ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని ధనశ్రీ పరిగెత్తుకొచ్చింది. ఆమె నవ్వుతోంది. నవ్వి నవ్వి నిలబడలేక ధనశ్రీని పట్టుకుంది, ఎవరో కుర్చీ తెచ్చి వెనక వేశారు.

"ఓలమ్మో! పదారు గ్రాములకా!" కళ్ళు తుడుచుకుంది. "ఒరే రోహిత్తూ, ఇటు రా. నాను పెళ్ళయి వచ్చిన కొత్తలో, మా ఆయన ఊళ్ళో లేనప్పుడు, ఎలమంచిలిలో పెళ్ళికి టెంటేయించినాను. మేకులు మోయించడం దండగని రెండు తాళ్ళకి ఒక మేకు కొట్టించినాను. తాళి కట్టే టయానికి మొత్తం వచ్చి పెళ్ళికొడుకు మేనమావ మీద పడిపోనాది. ఆయనిప్పటికీ నాతో మాటాడడు. ఎదురొత్తే రోడ్డు దాటేత్తాడు."

"మరి మీ టెంట్ ఎప్పుడూ లేవలేదన్నారు కదండీ?" అన్నాడు రోహిత్.

"లేవనేదు. పడిపోనాది," అంది వరహాలమ్మ.

టెంట్ దింపడానికి సందీప్‌ని చెట్టెక్కించారు. గుడ్డ రెండుచోట్ల చిరిగింది. శ్రీనివాసరావు దగ్గర పెద్ద టెంట్‌లో ఇద్దరికి చోటు దొరికింది, కానీ అది వంట సామాను పెట్టే టెంట్ కాబట్టి రోహిత్ ఉల్లిపాయల బస్తా మీద తలపెట్టి పడుకోవాల్సి వచ్చింది. వరహాలమ్మ ధనశ్రీ టెంట్‌లోకి పాకుతూ దూరి, "మూత కింద ఇడ్లీనాగుంది," అని, నిమిషంలో గురక పెట్టింది.

మర్నాడు దిగేటప్పుడు మేకులన్నీ పీకి లెక్క చూసుకుంది. ధనశ్రీవి ఎనిమిదీ ఉన్నాయి. ఒకటి రాయికి తగిలి కొస మొద్దుబారింది, అంతే. శ్రీనివాసరావు ఆమె ఫోన్ నంబరు, ఆమె తమ్ముడి ఫోన్ నంబరు రెండూ రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక వరహాలమ్మ రెండు రోజులు మంచం దిగలేదు. తొడలు పట్టేశాయి. మంగళవారం సాయంత్రం రోహిత్ నొప్పుల నూనె సీసా పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికి గురునాథరావు అక్క మంచం పక్కనే కూర్చుని, ఆ గాలి సంగతి వింటున్నాడు. ఆమె చెప్పే లెక్కలో అది దాదాపు తుఫాను అయిపోయింది. కాఫీ తోటలోంచి ఒక మేక కూడా ఎగిరి వచ్చింది.

"ఆదివారం ఖాళీయా?" అంది రోహిత్‌ని చూసి.

"ఖాళీయేనండి."

"మర్రిపాలెంలో పెళ్ళుంది. నలబై మేకులు. మా కుర్రోళ్ళలో ఒకడికి జొరం. వచ్చి కొట్టు. సెయ్యికి అలవాటవ్వాల."

రోహిత్ ఆదివారం పొద్దున్న ఆరింటికే వెళ్ళాడు. కిలో నాలుగు వందల గ్రాముల మేకులు లారీలోంచి ఒక్కొక్కటే దింపి, వరసగా పరిచి, పెద్ద సమ్మెట ఎత్తాడు. పన్నెండో మేకు దగ్గర అరచేతులు బొబ్బలెక్కాయి. పంతొమ్మిదో మేకు దగ్గర చొక్కా విప్పి కొమ్మకి తగిలించాడు. వరహాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, కుంటుకుంటూ అతని వెనకే తిరుగుతోంది.

"ఇంకొంచెం వాల్చు," అంది. "అవతలికి, అవతలికి. ఆఁ, అలగ. ఇప్పుడు కొట్టు."